రాజవాహనము – లోకవాక్యము

హైదరాబాదు పాతబస్తీలో చార్మినారునొద్ద బయలుదేరి లాడ్ బజారు మీదుగా ఖిల్వతు వైపు నడచినచో చౌమహల్లా ప్రాసాదము చేరుదుము. సలాబత్ జంగు కాలమున, 1750 ప్రాంతమున ఆరంభింపబడి, అఫ్జలుద్దౌలా పాలనమున పూర్తియైన ఈ రాజగృహము 2005లో జనులు చూచుటకై తెరువబడినది. ఇందలి బగ్గీలకును పాతకాలపు మోటారు కార్లకును నడుమ పసుపుపచ్చని రోల్స్ రాయిస్ కారు ఒకటి కలదు. ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ దీనిని 1911లో ఇంగ్లండునుండి తెప్పింప నిశ్చయించెను. అది చేరకమునుపే, ఆ సంవత్సరము ఆగస్టు 29వ తేదీన, ఆయన మరణించెను. లండనులోని బార్కర్ కంపెనీవారు పైభాగమును నిర్మించిన ఈ వాహనమునందు వెనుక సింహాసనమువంటి ఎత్తైన పీఠమును, దానిపై గుమ్మటమువంటి కప్పును కలవు. అందుచేతనే దీనికి సింహాసనపు కారని పేరు కలిగినది. తండ్రి కోరిన వాహనము 1912లో కుమారుడగు మీర్ ఉస్మాన్ అలీఖాను చేతికి వచ్చెను.

1947 నాటికి, అనగా ముప్పదియైదేండ్లలో, ఈ కారు నడచిన దూరము 356 మైళ్ళు మాత్రమేనని ప్రసిద్ధి. సంవత్సరమునకు పది మైళ్ళు! హైదరాబాదునుండి విజయవాడకు ఒక్కమారు పోయి మరలివచ్చినచో ఇంచుమించుగ ఈ లెక్క తీరిపోవును. వాహనమను పేరు దీనికి చెల్లునా యని చూచువారికి సందేహము కలుగుట సహజము. ఇది ప్రయాణముకొరకు గాక ప్రకటనముకొరకు పుట్టిన వస్తువు. ప్రకటన యను మాటను మేమిచట బుద్ధిపూర్వకముగనే వాడుచున్నాము.

దానికి కారణము గలదు. 2024వ సంవత్సరము నవంబరులో జాగ్వార్ అను ఆంగ్ల కార్ల కంపెనీ అర నిమిషము నడచు చలనచిత్ర ప్రకటన నొకదానిని వెలువరించెను. కార్ల కంపెనీవారి ఆ ప్రకటనలో కారు లేదు. లిఫ్టు తలుపులు తెరచుకొనగా రంగురంగుల వింత దుస్తులు ధరించిన స్త్రీపురుషులు గులాబివన్నె బయలులోనికి వచ్చి నిలుతురు. ఒకరి చేత కుంచె, వేరొకరి చేత సమ్మెట. మధ్యమధ్య కొన్ని ఆంగ్లపదములు తోచును. 'దేనినీ అనుకరింపకుము' అనునది వానిలో ముఖ్యమైనది. కంపెనీ పేరును సైతము పెద్దయక్షరములను చిన్నయక్షరములను కలగలిపి కొత్తవిధమున వ్రాసిరి. ఇది వెలువడినంతనే లోకము రెండు పక్షములయ్యెను. మీరు కార్లు అమ్ముదురా యని ఈలన్ మస్క్ బహిరంగముగా ప్రశ్నించెను. తాతలనాటి మర్యాదను మంటగలిపిరని కొందరు, నిద్రించుచున్న కంపెనీ లేచి కూర్చున్నదని కొందరు వాదులాడిరి. మరుసటి సంవత్సరము ఆగస్టులో అమెరికా అధ్యక్షుడు ట్రంపు కూడ దానిని నిందించెను. కారును చూపిన దినము వేరు: డిసెంబరు ఆరంభమున మయామీ నగరమున గులాబి, నీలి వన్నెలుగల నమూనా కారును ప్రదర్శించిరి. అప్పటికే తీర్పులన్నియు ముగిసినవి.

ఈ ఉదంతము తెలుగు పరిశోధన సంచికలోనికి ఎట్లు వచ్చెనని పాఠకులు అడుగవచ్చును. ఆ కంపెనీని 2008లో టాటా మోటార్సు వారు కొనుట యొక సంబంధము. కాని మా దృష్టి దానిమీద లేదు. వైభవమును చాటుటకై ఎత్తిపెట్టిన వస్తువును చూచి లోకులు చెప్పుకొను మాటలకొక రూపము, ఒక సంప్రదాయము గలవనియు, పాతబస్తీలో రాజవాహనములను గూర్చి నూరేండ్లుగా చెప్పుకొనుచున్న కథలకును 2024 నాటి ఈ కలహమునకును ఆ రూపమొక్కటియే యనియు మాకు తోచుచున్నది. ఆ కథలలో కొన్ని అబద్ధములు. అబద్ధమని తేలిన కథను చరిత్రకారుడు పారవేయవచ్చునా, లేక వేరొక ప్రశ్నకు సమాధానముగా దాచుకొనవలెనా యనునదే ఇచటి విచారము.

ముందుగా అమ్మువారి ప్రకటనకును రాజుల ప్రకటనకును గల భేదమును గమనింపవలెను. చౌమహల్లాలోని కారు సిల్వర్ ఘోస్ట్ అను జాతికి చెందినది. ఆ పేరు మొదట 1907లో కంపెనీ నిర్వాహకుడు క్లాడ్ జాన్సన్ ఒక కారుకు వెండిరంగు పూయించి పెట్టిన ముద్దుపేరు. ఆ కారును ఆ సంవత్సరము దాదాపు 15,000 మైళ్ళు ఎడతెగక నడిపి, దాని గట్టితనమును లోకమునకు చాటిరి. మరుసటి సంవత్సరము బొంబాయినుండి కొల్హాపురమువరకు జరిగిన పరీక్షలో అదే కంపెనీవారి మరియొక కారు నెగ్గగా దానిని గ్వాలియరు మహారాజు కొనెను. అమ్మువాడు నడిపి చూపినాడు. కొన్నవాడు నడపక చూపినాడు. పదిహేను వేల మైళ్ళకును మూడువందల యేబదియారు మైళ్ళకును గల అంతరము కేవలము దూరమునకు సంబంధించినది కాదు. కదలనక్కరలేకుండుటయే ప్రభుత్వమునకు లక్షణమని తలచిన దేశకాలములలో కారు సింహాసనమగుట వింత గాదు.

మన వాఙ్మయమున వాహనము ఏనాడును కేవలము వాహనము గాదు. పల్లకి, అందలము, అంబారీ మున్నగునవి ఎక్కినవాని స్థానమును చెప్పు మాటలు. అల్లసాని పెద్దన రాయల మరణానంతరము చెప్పినట్లు ప్రసిద్ధమైన సీసపద్యమును విద్యార్థులెల్లరు ఎరుగుదురు. అందు కవి తనకు జరిగిన గౌరవములను తలచుకొనునప్పుడు మొదట తలచునది రాజు ఏనుగును నిలిపి చేయి యిచ్చుట, పల్లకిని తన చేత ఎత్తుట. ఏనుగుమీద రాజు కూర్చుండుటలో విశేషమేమియు లేదు, ప్రతి రాజును కూర్చుండును. ఆయన దానిని ఆపినందుననే అది పద్యమయ్యెను. ఈ సూక్ష్మమును మనస్సున నుంచుకొని పాతబస్తీకి మరలి వత్తము.

కుతుబ్‌షాహీల కాలమున రాకుమారుడగు అబ్దుల్లాను మూరత్ అను మదపుటేనుగు వీపున నెక్కించుకొని అడవులలోనికి పరుగెత్తెననియు, కుమారుడు క్షేమముగా తిరిగివచ్చినచో ఏనుగు కాలిగొలుసంతటి బంగారు గొలుసును సమర్పింతునని తల్లి హయాత్ బక్షీ బేగం హుసేనీ ఆలమునకు మ్రొక్కుకొనెననియు ప్రసిద్ధమైన కథ. బాలుడు తిరిగి వచ్చెను. గొలుసును ఊరేగించి, తునకలు చేసి బీదలకు పంచిరట. ఆ గొలుసు పేరుననే, అనగా లంగరు పేరుననే, మొహర్రము మాసమున జరుగు లంగరు ఊరేగింపు ఏర్పడి, తరువాత అసఫ్‌జాహీల కాలమున సైన్యప్రదర్శనముగా మారినది. ఈ కథలో అదుపు తప్పిన రాజవాహనము కలదు, రాజధనము కలదు, ఆ ధనము చివరకు వీధిలోని చేతులలోనికి రాలుట కలదు. బంగారమును చూపుట తప్పని కథ చెప్పినవారు తలచలేదు. అది ఎవరికి చేరినదనునదే వారికి ముఖ్యము.

మహబూబ్ అలీఖానును గూర్చిన కథలను ఇదే కొలతతో చూడవలెను. ఆయన నివసించిన పురానీ హవేలీ చార్మినారునకు ఈశాన్యమున నున్నది. అచటి బట్టల బీరువా రెండంతస్తులది, 176 అడుగుల పొడవుగలది. పై అంతస్తునకు పోవుటకు చేతితో త్రిప్పు లిఫ్టు అందు అమర్చబడియున్నది. కట్టిన బట్ట మరల కట్టలేదని జనశ్రుతి. (జాగ్వారు వారి చలనచిత్రమున రంగుబట్టలవారు లిఫ్టునుండి దిగుట చూచినప్పుడు మాకు ఈ లిఫ్టే జ్ఞప్తికి వచ్చినదని చెప్పుకొనుటలో దోషము లేదు.) ఇంతటి విలాసము ప్రజలకు కంటగింపు కావలసినది. కాలేదు. మహబూబ్ పాషా పేరు చెప్పుకొన్నచో పాముకాటు విషము దిగునని పల్లెలలో నమ్మిరి. 1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీ పొంగి వేలకొలది జనులను కొనిపోయినప్పుడు ఆయన రాజగృహముల తలుపులు తెరపించి బాధితులకు చోటిచ్చెను. బీరువాను క్షమించిన లోకము ఈ తెరచిన తలుపులను జూచి క్షమించినది కాబోలు.

ఆయన కుమారుని విషయము దీనికి తలక్రిందులు. ఉస్మాన్ అలీఖాను చిత్రపటము 1937 ఫిబ్రవరి 22వ తేదీ టైము పత్రిక అట్టమీద ప్రపంచములోకెల్ల ధనికుడను ప్రతీతితో వెలువడినది; అది ఆయన రజతోత్సవ సంవత్సరము. ఆయనయో ముదుక టోపీ, నలిగిన షేర్వాణీ! చవుక సిగరెట్టులు కాల్చుననియు, 184 క్యారెట్లు దాటిన జేకబు వజ్రమును కాగితములపై బరువుగా నుంచుకొనెననియు కథలు పుట్టినవి. ఉస్మానియా విశ్వవిద్యాలయమును, ఉన్నత న్యాయస్థానమును, ఉస్మాన్‌సాగరును కట్టించిన పాలకుని గూర్చి లోకము చెప్పుకొన్న కథలలో అధికభాగము పిసినితనమును గూర్చినవి యగుట గమనింపదగినది. చూపినవానిని మెచ్చి దాచినవానిని నవ్వినది లోకము. రాజు సాదాగా నుండుట సద్గుణమని నేటి మనము తలచవచ్చును. నాటి వీధి అట్లు తలచలేదు. చూపని ధనము పంచని ధనమని వారి లెక్క. ఆ లెక్క పూర్తిగా న్యాయమైనదని మేమనము.

ఇక చెత్త కార్ల కథ. దీనిని మా విద్యార్థులు మాకు అనేక పర్యాయములు చెప్పియున్నారు. ప్రతి పర్యాయమును కార్ల సంఖ్య మారుచుండెను. నిజాము లండనునందు సాదాబట్టలతో రోల్స్ రాయిస్ అంగడికి పోగా అచటివారు బీదవాడని తలచి వెళ్ళగొట్టిరట. ఆయన మరల పరివారముతో పోయి అంగడిలోని కార్లన్నియు కొని, హైదరాబాదునకు తెచ్చి, ఊరి చెత్త నెత్తుటకు పెట్టెనట. కంపెనీ పరువు పోయి, క్షమాపణ కోరుచు తంతి పంపి, ఊరక కొన్ని కార్లు ఇచ్చెదమన్నదట. ఈ కథనే అల్వరు మహారాజు జైసింగును గూర్చి చెప్పుదురు. భరతపురము, పటియాలా రాజులను గూర్చియు చెప్పుదురు. ఊరు మారును, రాజు మారును, అవమానము, కొనుగోలు, చెత్త, తంతి అను నాలుగు మెట్లును మారవు. జానపద వాఙ్మయమును చదివినవారికి ఈ లక్షణము కొత్తది గాదు. ఒక్క సంఘటన నలుగురు రాజులకు ఒక్క రీతిగ జరుగదు. ఒక్క కథ నలుగురు రాజులను వెదకికొని పోవును.

కథకు సాక్ష్యముగా చూపు ఛాయాచిత్రమొకటి కలదు. ముందు చక్రముల యెదుట చీపుళ్ళు కట్టిన పాత కారు అందు కనబడును. ప్రతిపాఠములను పరిశీలించునట్లే దీనిని పరిశీలింపవలెను. చక్రము ముందర కట్టిన చీపురు చక్రము పోవు దారిలోని మేకులను, రాళ్ళను తొలగించును. అనగా చక్రమును కాపాడును. వీధిని ఊడ్చుటకు అది చాలదు. ఊడ్చినదానిని ఎత్తి వేయుటకు ఆ కారునందు తావు లేదు. చిత్రము చెప్పుచున్నది కారును కాపాడుకొన్న సంగతి; కథ చెప్పుచున్నది కారును అవమానించిన సంగతి. రెంటికిని పొత్తు లేదు. పైగా ఆ కాలమున మన సంస్థానాధీశులు ఆ కంపెనీకి ముఖ్యులైన కొనుగోలుదారులు. వారి కంటబడుటకే సముద్రములు దాటించి కార్లను తెచ్చి బొంబాయి కొల్హాపురము దారిలో పరుగెత్తించినవారు, వారిని గుమ్మమునుండి వెళ్ళగొట్టిరనుట నమ్మదగినదిగా లేదు.

విలాసవస్తువు నమ్మువానికిని నిజామునకును నిజముగా కలహము జరిగినప్పుడు ఏమైనదో మనకు తెలియును. 1891లో సిమ్లా వర్తకుడు అలెగ్జాండరు జేకబు పైని చెప్పిన వజ్రమును మహబూబ్ అలీఖానునకు తెచ్చెను. 23 లక్షల రూపాయలు ముందుగా చెల్లింపబడినవి. వజ్రము నచ్చక, పైకము తిరిగి రాక, వ్యాజ్యము కలకత్తా హైకోర్టునకు పోయెను. వర్తకుడు నిర్దోషిగా విడువబడెను. కాని వ్యాపారము చెడి, బీదవాడై మరణించెను. వజ్రము నిజాము వంశముననే నిలిచి, 1995లో భారత ప్రభుత్వము కొన్న ఆభరణములతోపాటు జాతిసొత్తయ్యెను. ఇచట న్యాయవాదులు, రసీదులు, సాక్షులు. ఒక తంతితో కథ ముగియలేదు. పరువు పోయినది ఇరువురికిని.

అయినచో అల్వరునందు పుట్టినదో, మరెచట పుట్టినదో తెలియని చెత్త కార్ల కథ హైదరాబాదునకు ఏల వచ్చి నిలిచినది? మాకు తోచిన సమాధానమిది. కథ నడచుటకు ధనికుడై యుండియు బీదవానివలె కనబడు రాజు కావలెను. జైసింగు విషయమున ఆనాడు మాత్రము ఆయన సాదాబట్టలు కట్టెనని అదనముగా కల్పింపవలసివచ్చును. ఉస్మాన్ అలీఖాను విషయమున ఆ కల్పన అక్కరలేదు. ముదుక టోపీ ముందే సిద్ధముగానున్నది. ఈ కథ యెముకలగూడు మాత్రము మిక్కిలి ప్రాచీనము. విందునకు పాతబట్టలతో పోయి గెంటబడినవాడు మంచి అంగరఖా తొడిగి మరలిపోయి, మర్యాద దీనికే గదా యని అంగరఖాకు అన్నము తినిపించిన కథ నస్రుద్దీన్ పేర పశ్చిమాసియా అంతటను కలదు. మన ఇండ్లలో శాలువాకు అన్నము పెట్టిన పండితుని కథగా చెప్పుదురు. బట్టకు అన్నము, కారుకు చెత్త. అవమానించినవాడు దేనిని గౌరవించునో దానినే అతని యెదుట నవ్వులపాలు చేయుట రెండింటను కీలకము.

ఇంకొక సంగతి. నిజాము పిసినితనమును నవ్విన నోళ్ళే ఈ కథలో నిజాము పక్షము వహించినవి. తెల్లవాని అంగడి యెదుట ఆయన మనవాడయ్యెను. కాని కథ ఆయనను గెలిపించిన తీరు చూడుడు: ఆయన కార్లను ఎక్కనీయలేదు, ఊరి చెత్తను ఎక్కించినది. అందనిదానిని వీధిలోనికి దింపినది. లంగరు కథలో బంగారు గొలుసు తునకలై పంచబడినట్లే ఇచట కారు ఊరిపనికి వచ్చినది. చెప్పువారు పాతబస్తీ సందులలో నివసించువారు. చెత్తబండి ఎప్పుడు వచ్చునని ఎదురుచూచుట వారికి నిత్యానుభవము. తమ సందునకు రోల్స్ రాయిస్ రావలెనను కోరిక నవ్వులోనిదే కావచ్చును, కోరిక కాకపోలేదు.

ఊరిని నిజముగా శుభ్రపరచు ప్రయత్నమునకు వేరొక చరిత్ర గలదు. మూసీ వరదల పిమ్మట 1912లో, అనగా పసుపు కారు వచ్చిన సంవత్సరముననే, నగరాభివృద్ధి మండలి ఏర్పడెను; ఆరాయిషె బల్దా యని దానికి పేరు. ఇరుకు బస్తీలను తొలగించి, వీధులను వెడల్పు చేసి, ఇండ్లు కట్టించుట దాని పని. పత్తర్‌గట్టి రాతి అంగళ్ళ వరుస ఆ పనికి నేటికిని కనబడు గురుతు. మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాలననుసరించి 1920లో ఉస్మాన్‌సాగరు, తరువాత హిమాయత్‌సాగరు సిద్ధమైనవి. ఈ పనులను గూర్చి చెత్త కార్ల కథవంటి కథ ఒక్కటైనను పుట్టలేదు. మురుగుకాలువను గూర్చి జనులు కథలు చెప్పుకొనరు. అది పారుచున్నంతకాలము దానిని తలచుకొననే తలచుకొనరు. ఉస్మాన్ అలీఖానునకు ఇది కొంత అన్యాయమే. కాని ఆ పాలనమున వెట్టి చేసిన పల్లెజనులకు జరిగినదాని ముందు ఈ అన్యాయము స్వల్పము. పల్లెలలో రాజవాహనమును గూర్చిన మాట వేరు. తెలంగాణ సాయుధపోరాట కాలమున బండి యాదగిరి కట్టిన ప్రసిద్ధమైన పాట బండ్ల వరుసతోనే ఆరంభమగును. అందు వాహనము కోరికను గాదు, కోపమును లేపును. నగరపు కథ ప్రభువును తనవానిగా చేసికొని నవ్వినది, పల్లెపాట ఆయనను నిలదీసినది. ఈ రెంటిని వేరుచేసి చూడక 'ప్రజాభిప్రాయము' అని ఏకవచనమున వ్రాయుట మన వ్యాసములలో తరచుగా కనబడు లోపము. సురవరం ప్రతాపరెడ్డిగారు 1949లో ప్రకటించిన 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'లో రాజుల వంశావళులను విడచి తిండి, బట్ట, ఆట, పాటలనుండి చరిత్రను తీసిరి. ఎవరి తిండి, ఎవరి బట్ట యను ప్రశ్నను వారు మరువలేదు.

జాగ్వారు ప్రకటనకు వచ్చిన స్పందనమును ఇప్పుడు మరల చూతము. 2025 ఏప్రిల్ నెలలో ఐరోపాయందు ఆ కంపెనీ కార్లు 49 మాత్రమే నమోదైనవి. అంతకుముందటి ఏప్రిల్‌లో 1,961. ఈ రెండు అంకెలను ప్రక్కప్రక్కన నిలిపి, ప్రకటన వలన కంపెనీ మునిగినదని లోకమంతటను చెప్పుకొనిరి. పాత కొనుగోలుదారులను చిన్నచూపు చూచినందుకు తగిన శాస్తి జరిగినదని తీర్పు చెప్పిరి. అంకెలు నిజమైనవి. వాని నడుమ పెట్టిన 'వలన' అనునది నిజము గాదు. విద్యుచ్ఛక్తితో నడచు కొత్త కార్లకు మారదలచి కంపెనీ తన పాత నమూనాల తయారీని ప్రకటనకు ముందునుండియే నిలుపుచు వచ్చెను. ఇంగ్లండునందు కొత్త కార్ల అమ్మకము 2024 చివరనే ఆగెను. అమ్ముటకు సరుకు లేనివానికి అమ్మకము తగ్గుట ఆశ్చర్యము గాదు. ప్రకటన మంచిదా చెడ్డదా యనుదానిని ఆ అంకెలు చెప్పవు.

చెత్త కార్ల కథను ఎరిగినవారు ఈ రెండవ కథను పోల్చుకొనగలరు. గర్వించిన అంగడి, అవమానింపబడిన కొనుగోలుదారు, అంగడి పరువు వీధిపాలగుట. అచట చీపుళ్ళ ఛాయాచిత్రము సాక్ష్యము, ఇచట 49 అను అంకె సాక్ష్యము. రెండును నిజమైనవే, రెండును చెప్పని మాటను చెప్పించుటకు తేబడినవే. భేదమొకటి కలదు. పాతబస్తీ కథలో అవమానితుడు రాజు. కొత్త కథలో అవమానితుడు తానేనని ప్రతి పాఠకుడును తలచెను. ఆ కారును కొనినవారు గాని, కొనగలవారు గాని వారిలో ఎందరో లెక్కింపనక్కరలేదు. కొననివాడు సైతము ఇది నా గతమునకు చెందినదని కోపింపగలుగుట విలాసవస్తువునకు గల వింతశక్తి. మా విచారములో ఆ కోపమును పూర్తిగా తప్పుపట్టుటకు వీలులేదు. నూరేండ్లు లోకులకు తన పేరును చూపి వారి మెప్పును మూలధనముగా పెంచుకొన్న కంపెనీ, ఆ లోకులు తమ మాట చెప్పినప్పుడు మీరు కొనువారు కారు గదా యనుట పొసగదు.

లోకుల భావమునకు ఆ కంపెనీ లోగడ తల యొగ్గినది కూడ. 1922లో విలియం లయన్సు, విలియం వామ్స్‌లీ అనువారు స్వాలో పేర స్థాపించిన ఆ సంస్థ తరువాత ఎస్.ఎస్. కార్లను తయారుచేసినది, జాగ్వారనునది 1935లో వచ్చిన ఒక నమూనా పేరు మాత్రమే. యుద్ధకాలమున ఎస్.ఎస్. అను అక్షరములకు నాజీల వలన అపఖ్యాతి రాగా 1945లో వానిని విడచి జాగ్వారు పేరునే సంస్థకు పెట్టుకొనిరి. దేనినీ అనుకరింపరాదను మాట లయన్సు చెప్పినదేనని కంపెనీవారు 2024లో చాటిరి. మూలపురుషుని మాటను తిరిగి చెప్పి, ఎవరిని అనుకరింపము అనుట ఒక చమత్కారము.

పురానీ హవేలీలోని నిజాము మ్యూజియమును చూచినవారు ఆ వంశపు కార్లలో ఒక రోల్స్ రాయిసును, ఒక పాకార్డును, వానితోపాటు ఒక మార్క్ 5 జాగ్వారును చూచియుందురు. రజతోత్సవపు కానుకల నడుమ నున్నందున అదియు ఆ 1937 నాటి వైభవమునకే చెందినదని చూపరులు తలచుట కలదు. మార్క్ 5 నమూనాను కంపెనీ లండనులో ప్రకటించినది 1948 సెప్టెంబరు 30వ తేదీన. దాని తయారీ 1951లో ముగిసినది. హైదరాబాదు సైన్యము యుద్ధము విరమించినది 1948 సెప్టెంబరు 17వ తేదీన. నడుమ పదుమూడు దినములు. ఆ కారును ఎవరు ఎక్కినను, ఎప్పుడు ఎక్కినను, స్వతంత్రముగా నేలు నిజాము ఎక్కిన వాహనము మాత్రము అది గాదు. అది హైదరాబాదు చేరునాటికి ఆయన మరియొకరి ప్రభుత్వమున పేరునకు మాత్రము పాలకుడో, 1950 జనవరి 26 తరువాతనైనచో రాజప్రముఖుడో అయియుండెను. దానిని గూర్చి పాతబస్తీలో కథ ఏదియు మేము వినలేదు.